మూడంతస్తుల కంప్యూటరు: నెస్టెడ్ వర్చువల్ మెషీన్ కూలినప్పుడు ఏమి చూడవలెను?

ఒక కంప్యూటరులో సాఫ్ట్‌వేరు సాయంతో మరొక కంప్యూటరును కల్పించి నడిపితే దానిని వర్చువల్ మెషీన్ అంటారు. ఆ కల్పిత యంత్రంలోపల తిరిగి ఇంకొకదానిని నడిపితే అది నెస్టెడ్ వర్చువల్ మెషీన్. మన ఊళ్ళనుండి బళ్ళారికో, హోసూరుకో, బరంపురానికో వెళ్ళి కంప్యూటరు విద్య చదువుతున్న పిల్లలకు ఇది ఎంతో ఉపయోగకరమైనది. ఒక్క ల్యాప్‌టాపులోనే చిన్న సర్వరు గదిని ఏర్పరచుకొని సాధన చేయవచ్చును. అయితే ఈ కట్టడం తరచుగా కూలుతుంది. పిల్లవాడు దిగులుపడతాడు, తండ్రి ల్యాప్‌టాపును మరమ్మతు దుకాణానికి తీసుకొనిపోతాడు, మదరుబోర్డు మార్చవలెనన్న మాట వినవలసి వస్తుంది. డబ్బు చెల్లించుటకు ముందు ఈ క్రింది విషయాలను పరిశీలించుట మంచిది.

సాంకేతికులు ఈ అంతస్తులను ఎల్0, ఎల్1, ఎల్2 అని పిలుస్తారు. మనము అడుగు, నడిమి, పై అంతస్తులు అందాము. అసలు ల్యాప్‌టాపు అడుగు అంతస్తు. వర్చువల్ మెషీన్లకు తోడ్పడే ఏర్పాటును ఇంటెల్ సంస్థ 2005లో, ఏఎండీ సంస్థ 2006లో తమ ప్రాసెసర్లలో ప్రవేశపెట్టాయి. కాని ఆ ఏర్పాటు ఒక్క అంతస్తుకే ఉద్దేశించినది. రెండవ అంతస్తు కావలెనంటే అడుగున ఉన్న సాఫ్ట్‌వేరే ప్రాసెసరు వేషం కట్టి నడిమి అంతస్తును నమ్మించవలెను. పై అంతస్తునుండి వచ్చే కొన్ని ఆజ్ఞలు మొదట అడుగుకు దిగి, అక్కడినుండి నడిమికి చేరి, మరల అడుగు మీదుగా పైకి పోతాయి. తెలుగులో చెప్పిన మాట ఇద్దరు దుబాసీల మీదుగా కచేరీకి చేరినట్లుంటుంది ఈ వ్యవహారం. ఆలస్యం సహజము.

కావున మొట్టమొదటి ప్రశ్న: కూలినది ఏ అంతస్తు? పై అంతస్తు ఒక్కటే పోయినదా, నడిమిది కూడ పోయినదా, ల్యాప్‌టాపే ఆగి తిరిగి మొదలైనదా? ఈ మూడింటికి కారణాలు వేరు వేరు.

పై అంతస్తు అసలు మొదలే కాకపోతే అది కూలుట కాదు, అనుమతి అందకపోవుట. బయోస్‌లో వర్చువలైజేషను అమరిక తెరచి ఉండవలెను. ఆ అనుమతిని నడిమి యంత్రానికి విడిగా ఇవ్వవలెను. వర్చువల్‌బాక్స్‌లో ఈ సదుపాయం ఏఎండీ ప్రాసెసర్లకు 2018లో వచ్చిన 6.0 సంచికతోను, ఇంటెల్‌కు 2019లో వచ్చిన 6.1తోను లభించినది. లినక్స్‌లో కేవీఎం వాడేవారు నెస్టెడ్ అనే అమరిక 'వై' లేదా '1' అని చూపుతున్నదో లేదో చూడవలెను. నడిమి లినక్స్‌లో ప్రాసెసరు లక్షణాల జాబితాలో ఇంటెల్ అయితే వీఎంఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం కనిపించవలెను. కనిపించకపోతే లోపం అక్కడే.

విండోస్‌లో ఇంకొక చిక్కు ఉన్నది. హైపర్-వీ గాని, డబ్ల్యూఎస్‌ఎల్2 గాని, మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ గాని నడుస్తుంటే ప్రాసెసరులోని ఆ ఏర్పాటును మైక్రోసాఫ్ట్ వారి సాఫ్ట్‌వేరే ముందుగా ఆక్రమించుకొంటుంది. అప్పుడు వర్చువల్‌బాక్స్ అడుగున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. తాబేలు కనబడినచోట నెస్టెడ్ యంత్రంపై ఆశ పెట్టుకొనరాదు. మెమరీ ఇంటెగ్రిటీని ఆపితే దారి తెరుచుకోవచ్చును గాని, అదే ల్యాప్‌టాపులో ఇంటివారు బ్యాంకు పనులు చేస్తుంటే, సాధన ముగిసిన వెంటనే దానిని తిరిగి ప్రారంభించవలెను.

పై యంత్రం కొంతసేపు నడిచి హఠాత్తుగా మాయమైతే జ్ఞాపకశక్తిని, అనగా ర్యామును, లెక్కించవలెను. 8 జీబీ ల్యాప్‌టాపులో నడిమి యంత్రానికి 6 జీబీ ఇచ్చి, దానిలోపల పై యంత్రానికి 5 జీబీ ఇచ్చారనుకొందాము. అడుగున విండోస్‌కు 2, నడిమి లినక్స్‌కు 1 మాత్రమే మిగిలినవి. ర్యాము పూర్తిగా నిండినప్పుడు లినక్స్ తనను తాను కాపాడుకొనుటకు పెద్ద ప్రోగ్రామునే ఎంచి చంపివేస్తుంది. ఆ పెద్ద ప్రోగ్రాము సాధారణంగా మన పై యంత్రమే. నడిమి అంతస్తు కెర్నల్ లాగులో 'అవుట్ ఆఫ్ మెమరీ' అన్న మాట ఉంటే సందేహం అక్కరలేదు. పై యంత్రానికి 1 జీబీ ఇచ్చి, తెర బొమ్మలు లేని చిన్న లినక్స్‌ను వేసుకొంటే సాధనకు చాలును. 'సాఫ్ట్ లాకప్' అన్న మాట కనిపిస్తే అది తరచుగా ఇందాక చెప్పిన ఆలస్యమే. కోర్ల సంఖ్య తగ్గించి చూడవలెను.

నడిమి యంత్రమే కూలితే, అంతకుముందు దానిని ఉన్న స్థితిలో సేవ్ చేసి తిరిగి తెరిచారేమో అడగండి. కేవీఎంలో, ఏఎండీ ప్రాసెసరుపై, పై యంత్రం నడుస్తుండగా నడిమిదానిని అలా భద్రపరచరాదని ఆ సాఫ్ట్‌వేరు పత్రాలే హెచ్చరిస్తున్నాయి. కెర్నల్ పానిక్ వరకు పోవచ్చును. ఇంటెల్‌పై ఈ లోపాన్ని లినక్స్ 5.3, క్యూఈఎంయూ 4.2 సంచికలలో సరిదిద్దారు. ఏ ప్రాసెసరైనా మొదట పైదానిని, తరువాత నడిమిదానిని ఆపి, చివరకు ల్యాప్‌టాపును మూయుట క్షేమము.

ల్యాప్‌టాపే ఆగిపోతుంటే బయోస్‌ను, అడుగు అంతస్తులోని సిస్టమును నవీకరించి, వర్చువల్ మెషీన్లేవీ లేకుండా ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86+ నడపండి. అందులో తప్పులు చూపినా, మామూలు పనులలో కూడ యంత్రం ఆగుతున్నా, అప్పుడు దుకాణానికి తీసుకొనిపోవచ్చును. పోయేటప్పుడు కూలిన సమయం, లాగులోని చివరి పది వరుసలు, సాఫ్ట్‌వేరు సంచిక సంఖ్య ఒక కాగితంపై వ్రాసి వెంట ఉంచుకొనండి.