ఆపమని అడిగినవారి పట్ల ఆన్‌లైన్ కాసినోల బాధ్యత: కాల్వర్ట్ తీర్పు పునఃపరిశీలన

ఆన్‌లైన్ జూదం మీద మన న్యాయశాస్త్ర రచనలు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి: ఆట నైపుణ్యానిదా, అదృష్టానిదా? సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో (ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ) రమ్మీ ప్రధానంగా నైపుణ్యం కావలసిన ఆట అని సుప్రీంకోర్టు 1967లో తేల్చింది. అప్పటి నుంచి వ్యాసకర్తలు చాలావరకు ఆ తీర్పుతో మొదలుపెట్టి ఆ తీర్పు దగ్గరే ఆగిపోతున్నారు. ఈ చర్చలో ఒక మనిషి ఎక్కడా కనిపించడు. ఆట ఏదైనా కానీ, తనంతట తానే కంపెనీని సంప్రదించి 'నన్ను ఇక ఆడనివ్వకండి' అని కోరుకున్న మనిషి అతను. అతని మాటకు చట్టంలో ఏపాటి బలం ఉంది? ఈ ప్రశ్నను కోర్టు గదిలో నేరుగా ఎదుర్కొన్న దేశాల్లో బ్రిటన్ ముఖ్యమైనది. అందుకే ఇక్కడి ఆధారాలు ఎక్కువగా అక్కడివే.

స్వీయ నిషేధం మీద జరిగిన పరిశోధనను రెనో నమూనా చాలాకాలంగా శాసిస్తోంది. 2004లో బ్లాష్చిన్‌స్కీ, లాదుసేర్, షాఫర్ ప్రతిపాదించిన ఈ నమూనాకు పునాది ఒక్కటే: ఆడాలా వద్దా అన్న అంతిమ నిర్ణయం వ్యక్తిదే, ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం అతనికి అందాలి. వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. నా అభ్యంతరం ఇక్కడే. నిషేధం కోరినవాడు నిర్ణయం తీసుకోనివాడు కాదు, తీసేసుకున్నవాడు. అతనికి సమాచారం కొరత కూడా లేదు, తన పరిస్థితి అందరికంటే బాగా తెలిసే అడిగాడు. తెల్లవారితే నిలబడలేనని తెలిసినవాడు రాత్రే తీసుకున్న నిర్ణయం అది. రెనో నమూనా ఆ నిర్ణయాన్ని వదిలేసి, మర్నాడు అతను నొక్కిన బటన్‌ను కొత్త నిర్ణయంగా లెక్కిస్తుంది. రెండింటిలో కంపెనీకి లాభం తెచ్చేదే స్వేచ్ఛ అనిపించుకోవడం నాకు మింగుడుపడదు.

గ్రాహమ్ కాల్వర్ట్ ఇంగ్లండ్‌లో పందెపు కుక్కలకు శిక్షణ ఇచ్చే మనిషి. ఫోన్‌లో పందేలు కాసేవాడు. ఆరు నెలల పాటు తన పందేలు తీసుకోవద్దని 2006 జూన్‌లో విలియం హిల్ సంస్థను అడిగాడు. సిబ్బంది సరేనన్నారు కానీ సంస్థ తన సొంత పద్ధతి ప్రకారం ఆ కోరికను అమలు చేయలేదు. ఆగస్టు నుంచి అతను మళ్లీ కాయడం మొదలుపెట్టాడు. రైడర్ కప్ గోల్ఫ్‌లో అమెరికా గెలుస్తుందని కాసిన ఒక్క పందెంలోనే 3,47,000 పౌండ్లు పోయాయి. ఆ ఏడాది ముగిసేసరికి నష్టం 20 లక్షల పౌండ్లు దాటింది.

కంపెనీ మీద అతను వేసిన దావాలో 2008లో హైకోర్టు ఇచ్చిన తీర్పును ఓపికగా చదవాలి. కంపెనీ బాధ్యత తీసుకుందని, దాన్ని నెరవేర్చలేదని న్యాయమూర్తి బ్రిగ్స్ ఒప్పుకున్నారు. అయినా పరిహారం ఇవ్వలేదు. ఈ కంపెనీ ఆపి ఉన్నా అతను మరో కంపెనీలో కాసేవాడు, కాస్త ఆలస్యంగానైనా ఆర్థికంగా నాశనమయ్యేవాడు, కాబట్టి నష్టానికి కారణం కంపెనీ కాదు అన్నది ఆయన తర్కం. అదే ఏడాది డిసెంబరులో అప్పీలు కోర్టు ఈ ఫలితాన్నే ఖాయం చేసింది. 'మా ఆయనకు పోయొద్దు' అని ఇల్లాలు వచ్చి చెప్పి వెళ్తే సరేనని, ఆనక పోసేసిన సారా కొట్టువాడు 'నేను కాకపోతే పక్క కొట్టువాడు పోసేవాడు' అంటే ఊరు ఒప్పుకుంటుందా? పైగా ఆ 'కాస్త ఆలస్యం' చిన్న విషయం కాదు. కాల్వర్ట్ అడిగిందే ఆ ఆలస్యాన్ని. అతనికి కావలసింది ఆరు నెలల వ్యవధి. దాన్ని తీసుకుని, దానికి విలువ లేదని తేల్చారు.

ఆ తర్కం నిలబడాలంటే పక్క కొట్టు తెరిచి ఉండాలి. బ్రిటన్‌లో ఆన్‌లైన్ కాసినోల విషయంలో అది మూతపడింది. 2018లో మొదలైన గామ్‌స్టాప్ నమోదు పట్టికలో చేరడం లైసెన్సున్న ప్రతి ఆన్‌లైన్ సంస్థకూ 2020 మార్చి 31 నుంచి తప్పనిసరి అయింది. ఆటగాడు ఒక్కచోట పేరు ఇస్తే ఆరు నెలలు, ఏడాది, లేదా ఐదేళ్ల పాటు ఆ సంస్థలన్నీ అతన్ని ఆపాలి. లైసెన్సు లేని విదేశీ సైట్లు ఇంకా తెరిచే ఉన్నాయని కొందరు అంటారు, నిజమే, కానీ చట్టం బయట ఉన్నవాడు చేసే తప్పు లోపల ఉన్నవాడికి సాకు కాలేదు. కాబట్టి 2020 తర్వాత కాల్వర్ట్ తీర్పుకు ఆన్‌లైన్ కేసుల్లో ప్రాణం లేదని నా వాదన.

కంపెనీలు ఈ పని చేయలేకపోతున్నాయా, చేయడం లేదా? 2017 ఆగస్టులో 888 అనే ఆన్‌లైన్ జూద సంస్థ మీద బ్రిటన్ నియంత్రణ సంస్థ గ్యాంబ్లింగ్ కమిషన్ 78 లక్షల పౌండ్ల చర్య తీసుకుంది. నిషేధం కోరిన 7,000 మందికి పైగా కస్టమర్లు ఆ సంస్థ బింగో విభాగంలోకి వెళ్లగలిగారు. కాసినో వైపు తలుపు వేసి బింగో వైపు తెరిచి ఉంచారన్నమాట. సాంకేతిక లోపం అన్నారు. 2023లో విలియం హిల్ గ్రూపు మీద 1.92 కోట్ల పౌండ్ల చర్య వచ్చింది. కమిషన్ చూపిన లోపాల్లో ఒకటి: అదే గ్రూపులోని మిస్టర్ గ్రీన్‌లో నిషేధం కోరిన 331 మంది మరోచోట ఆడగలిగారు. ఒక కస్టమర్ ఏ గంటకు ఎంత కాస్తాడో, ఏ బోనస్‌కు కదులుతాడో లెక్కలు కట్టగల సంస్థలు ఇవి. సొంత ఇంట్లో రెండు జాబితాలను సరిపోల్చలేకపోయాయంటే నమ్మడం కష్టం.

మన అనుభవం కూడా ఇదే చెబుతుంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించాక పేరున్న యాప్‌లు ఈ రాష్ట్రాల్లో ఉన్నవారిని లొకేషన్ చూసి ఆపాయి. రెండు రాష్ట్రాల జనాన్ని బయట ఉంచగలిగిన వ్యవస్థకు, పేరు, ఫోన్ నంబరు, పాన్ వివరాలు ఇచ్చి తనను ఆపమన్న ఒక్క మనిషిని ఆపడం అసాధ్యం కాదు. దీనికి అడ్డుగా కనిపించే తీర్పు ఒకటి ఉంది: ఆస్ట్రేలియా హైకోర్టు 2013లో కకావాస్ కేసులో కాసినో పక్షాన నిలిచింది, అయితే అక్కడి ప్రశ్న బలహీనుణ్ణి దోపిడీ చేశారా అన్నది, అడిగిన నిషేధాన్ని అమలు చేయకపోవడం కాదు. కాబట్టి బ్రిటన్‌లోలా పక్క కొట్టు మూతపడిన చోట, నిషేధం కోరిక అందాక కంపెనీ ఆపకపోవడం వల్ల ఆ వ్యక్తి పోగొట్టుకున్న డబ్బు కంపెనీ తిరిగి ఇవ్వాల్సిన బాకీగా చూడాలన్నది నా వాదన.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆడేవారిని శిక్షించకపోవడం మంచి పని. అయితే విదేశీ యాప్‌కు అలవాటుపడ్డవాడు 'నన్ను ఆపండి' అనాలంటే ఎవరిని అడగాలి? ఆ యాప్ వినదు. వినగలిగింది డబ్బు దాటే దారి ఒక్కటే, అంటే బ్యాంకు, యూపీఐ. బ్రిటన్‌లో కొన్ని బ్యాంకులు జూదపు చెల్లింపులను కస్టమర్ కోరిక మీద ఇప్పటికే ఆపుతున్నాయి. ఇక్కడా ఆ మీట పెట్టాలి. అది నొక్కిన తేదీ, సమయం బ్యాంకు రికార్డులో నిలవాలి. ఆ తర్వాత దాటిన డబ్బు గురించి జవాబు చెప్పే భారం దాటించినవారి మీద ఉండాలి.