జిల్లా సగటులో మా వాడ

పిల్లల బాగోగులు కొలవాలంటే ముందు వయసు తెలవాలె. వయసుకు తగ్గ ఎత్తు ఉందా లేదా అన్నది ఎదుగుదలకు ముఖ్యమైన కొలత. మా ఇండ్లల్ల పుట్టిన తారీఖు రాసిపెట్టినవాళ్లు లేరు. బడిలో చేర్చుకున్న సారు అంచనాగా వేసిందే మా వయసయింది. అంకెలు వద్దని మేము అనడం లేదు, అవి ఎట్లా తయారయితయో చూడాలంటున్నాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదలయినా, జిల్లావారీ అంకెలిచ్చింది నాలుగో విడతలో (2015-16). అప్పుడు హుస్నాబాద్ కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలను 31 చేసినప్పుడు హుస్నాబాద్, కోహెడ సిద్దిపేటకు పోయినయి. పక్కనే ఉన్న చిగురుమామిడి, సైదాపూర్ కరీంనగర్‌లోనే మిగిలినయి. 2019లో అయిదో విడత సర్వే వచ్చేసరికి మా పిల్లలు పాత మెదక్ పల్లెలతో కలిసి సిద్దిపేట సగటయిండ్రు. ఈ రెండు విడతల నడుమ తెలంగాణలో అయిదేండ్లలోపు పిల్లల్లో ఎదుగుదల కుంగినవాళ్లు 28 శాతం నుంచి 33కు, రక్తహీనత ఉన్నవాళ్లు 61 నుంచి 70కి పెరిగిండ్రు. హుస్నాబాద్‌లో ఏమయిందో రెండు జిల్లా పత్రాలు పక్కపక్కన పెట్టినా చెప్పలేం. గీతే మారింది.

ఇంతకన్నా పెద్ద సంగతి కులం. సర్వేవాళ్లు ఇంటింటా కులం అడుగుతరు, రాసుకుంటరు. రాష్ట్ర నివేదికలో షెడ్యూల్డు కులాలన్నీ (మన దగ్గర 59) ఒక్క గడిలో కనబడుతయి. జిల్లా పత్రంలో ఆ గడి కూడా లేదు. ఎంపికయిన ఊరికి 22 ఇండ్లే గనుక, విడిగా చెప్పేటంత మంది దళిత పిల్లలు ఒక జిల్లాలో దొరకరని గణాంకులంటరు. నిజమే. కానీ మూడో విడతలో దేశమంతా 1 లక్షా 9 వేల ఇండ్లు చూసినవాళ్లు, జిల్లా అంకెలు కావాలనుకున్నప్పుడు నాలుగో విడతలో 6 లక్షలు దాటించిండ్రు. నమూనా సైజు శాస్త్రమొక్కటే తేల్చేది కాదు, ఎవరి గురించి తెలుసుకోవాలనుకున్నరన్నది కూడా తేలుస్తది.

అయిదేండ్లు దాటిన పిల్లలు జిల్లా పత్రంలోంచి దాదాపు మాయం. 15 ఏండ్లకు ఆడపిల్ల రక్తహీనత గడిలో మళ్లా కనబడుతది. నడుమ వయసును కూడా కొలిచిన జాతీయ పోషకాహార సర్వే (2016-18) రాష్ట్రం దగ్గరే ఆగింది. పైగా కుటుంబ సర్వే ముందురోజు రాత్రి ఇంట్ల పడుకున్నవాళ్లనే కొలుస్తది. మా ఆడపిల్లలు ఆ వయసంతా హాస్టల్లల్ల, గురుకులాలల్ల ఉంటరు. సర్వేవాళ్లు తలుపు తట్టిన పొద్దు వాళ్లు ఇంట్ల ఉండరు.