టాక్సీలు బతికించిన స్టీరింగ్

పాత కారు స్టీరింగ్‌కు సామాను కావాలని ఎవరైనా మొయినాబాద్ దగ్గర సురంగల్‌లోని మా షెడ్డుకు వస్తే నేను ముందు ఒక్కటే ఆలోచిస్తాను: ఈ రకం బండి ఎక్కడ టాక్సీగా తిరిగింది, ఏ సర్కారు ఆఫీసులో పనిచేసింది? షోకుకు కొన్న బండి సామాను దాని యజమానితోనే పోయింది. పొట్టకూటికి తిరిగిన బండి సామాను ఇప్పటికీ ఏదో దుకాణం అటక మీద దొరుకుతుంది.

హైదరాబాద్‌కు షోకు కార్లు తొందరగానే వచ్చాయి. చౌమహల్లా ప్యాలెస్‌కు పోతే 1906 నాటి నేపియర్, 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తాయి. ఆ రోల్స్‌ను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించారు. అది చేతికందక ముందే, 1911లో, ఆయన కన్నుమూశారు. తర్వాతి కాలంలో దేవిడీల ముందు ఫోర్డులు, షెవర్లేలు నిలబడ్డాయి. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలోనే కార్లు బిగించి అమ్మేది కాబట్టి విడిభాగాలకు కరువుండేది కాదు. ఆ తర్వాత, దేశంలో తయారీ మొదలుపెట్టే ఆలోచన లేని కంపెనీలు ఉత్త బిగింపు పని ఆపేయాలని 1953లో టారిఫ్ కమిషన్ చెప్పింది. జనరల్ మోటార్స్, ఫోర్డు రెండూ మూట సర్దుకుని వెళ్లిపోయాయి. జాగీర్లు అప్పటికే రద్దయ్యాయి, ఇప్పుడు సామాను కూడా ఆగింది. మా ఉస్తాద్ అనేవాడు: "ఇంజన్‌ది ఏముంది బేటా, లారీది పెట్టినా నడుస్తది. స్టీరింగ్ మాత్రం దానిదే కావాలె."

ఫియట్ కథ వేరు. కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964లో ఫియట్ 1100 డిలైట్ తెచ్చింది. అదే కారు కొద్ది మార్పులతో ప్రెసిడెంట్ అయింది, 1974లో పద్మిని అయింది. బొంబాయి టాక్సీలు దాదాపు అన్నీ అవే కావడంతో బాల్ జాయింట్లు, ఐడ్లర్ ఆర్మ్ బుష్షులు చేసే చిన్న కార్ఖానాలు దశాబ్దాల పాటు నడిచాయి. మద్రాసులో రాణే కంపెనీ 1960లో స్టీరింగ్ లింకుల తయారీలోకి దిగిన కాలమూ అదే. అందుకే ఈ రోజు డిలైట్ బాగుచేసేవాడికి పద్మిని సామాను చాలామటుకు కలిసొస్తుంది.

కలిసొస్తుంది అన్నాను గానీ, చూడకుండా కొనొద్దు. ముందు అరిగిందేదో తేల్చుకోవాలి. ఒకరు లోపల కూర్చుని చక్రాన్ని అటూఇటూ కొద్దిగా ఆడిస్తుంటే, ఇంకొకరు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేలు పెట్టాలి. ప్లే (వదులు) ఎక్కడుందో వేలికే తెలుస్తుంది. చాలాసార్లు తప్పు ఐడ్లర్‌ది, శిక్ష స్టీరింగ్ బాక్సుకు. ఫియట్‌ది వార్మ్, సెక్టార్ బాక్సు. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి వార్మ్ నడిమి భాగమే ముందు అరుగుతుంది. ఆ ప్లే తీసేయాలని స్క్రూ బిగిస్తే మూల తిప్పినప్పుడు స్టీరింగ్ పట్టేస్తుంది, మళ్లీ తనంతట తిన్నగా రాదు. అలా పట్టేసే బాక్సుకు వార్మ్, సెక్టార్ రెండూ జతగా మార్చాల్సిందే.

దుకాణానికి పాత ముక్క చేతిలో పట్టుకునే పోవాలి. డ్రాప్ ఆర్మ్ కూర్చునే షాఫ్టు మీద పళ్లు లెక్కపెట్టాలి, టేపర్ కొలవాలి, చూడీ (మర) చూడాలి. ఇటలీ ఫియట్‌ది మిల్లీమీటర్ల చూడీ, అమెరికా జీపుది అంగుళాల చూడీ. టై రాడ్‌కు ఒక కొస కుడి చూడీ, ఇంకో కొస ఎడమ చూడీ. ఎడమది ఒంటరిగా దొరికితే వెంటనే కొని పెట్టుకుంటాను, ఎందుకంటే రెండు కుడివి తెచ్చేవాళ్లే ఎక్కువ. అంబాసిడర్‌కు ఈ బాక్సే ఉండదు. దానిది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ర్యాక్. ఆ కారు ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైంది కాబట్టి రాణీగంజ్‌లో ఇప్పటికీ అడగ్గలం. పాత బాక్సులకు గోషామహల్, విజయవాడ ఆటోనగర్, మద్రాసు పుదుపేట తిరగాలి.

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇక్కడ అంతగా టాక్సీ కాలేదు, సామానూ మిగల్లేదు. అయినా దాని ర్యాక్ ఇంగ్లండ్ నుంచి తెప్పించుకోవచ్చు. అక్కడ ట్రయంఫ్ హెరాల్డ్, స్పిట్‌ఫైర్ అభిమానులు దాన్ని బతికించుకున్నారు. వాళ్లదీ కుడిచేతి స్టీరింగే కాబట్టి సరిగ్గా కూర్చుంటుంది. అమెరికా జీపు బాక్సుతో ఆ సుఖం లేదు. ఎడమచేతి బాక్సును లింకులు సరిచూడకుండా మన బండికి బిగిస్తే, ఎడమకు తిప్పినప్పుడు చక్రాలు కుడికి పోవచ్చు.

ఒక పని మాత్రం మా షెడ్డులో ఎవరు బతిమాలినా జరగదు: డ్రాప్ ఆర్మ్‌కు, స్టీరింగ్ ఆర్మ్‌కు వెల్డింగ్ పెట్టం, కాల్చి వంచం. బుష్షులు ఖరాదు (లేత్) మీద తీయించుకోవచ్చు, ఆర్మ్‌లు అలా కాదు. పోతపోయకుండా దెబ్బకొట్టి చేసిన ఉక్కును మంట ముట్టుకుంటే దాని బలం మారిపోతుంది. దొరికిన పాత ఆర్మ్‌ను కిరసనాయిల్లో నానబెట్టి, తుడిచి, సుద్ద పూస్తాం. పగులుంటే నూనె గీతలా పైకి వస్తుంది. 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా గుర్తించి వీఏ నంబరు ఇచ్చే నిబంధన తెచ్చింది. చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకూడదన్నది షరతు. స్టీరింగ్ పేరు అందులో ఉంటే నేను ఇంకా సంతోషించేవాణ్ని.

పాత సామాను కోసం ఇప్పుడు తొందర ఎందుకంటే, బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది, 20 ఏళ్ల గడువు ముగిసి 2023లో రోడ్డు దిగింది. దాని సామాను చేసే చిన్న కార్ఖానాలకు ఇక గిరాకీ లేదు. ఫ్యాక్టరీలను రానివ్వని 1996 నాటి 111 జీవో వల్ల మా మొయినాబాద్ వైపు ఫ్యాక్టరీలకు బదులు ఫాంహౌసులు లేచాయి, పాత కార్లు వాటిలోకే చేరుతున్నాయి. సామాను మాత్రం రైతుల కొట్టాల వెనక తుప్పు పడుతోంది. చేవెళ్ల చుట్టుపక్కల ఎవరైనా పాత జీపును కబాడీకి తూకానికి వేసే ముందు, బండి ముందుభాగంలో ఉండే బెల్ క్రాంక్, దాని షాఫ్టు, స్టీరింగ్ బాక్సు విప్పి పక్కన పెట్టండి. తూకంలో వాటికి వచ్చేది చాలా తక్కువ. నేను అంతకంటే ఎక్కువే ఇస్తాను.