గాయం (1993 చలనచిత్రం)

గాయం రామ్‌గోపాల్ వర్మ దర్శకత్వంలో 1993లో విడుదలైన తెలుగు నేర కథాచిత్రం. కథ మణిరత్నం, సంగీతం శ్రీ. అన్న హత్యకు పగ తీర్చుకోబోయి దుర్గ (జగపతిబాబు) ముఠా నాయకుడవుతాడు. బ్రయాన్ డి పాల్మా ‘స్కార్‌ఫేస్’ (1983)లో కొకైన్ వ్యాపారి టోనీ మోంటానాను ఎత్తినదీ కూల్చినదీ దురాశే. దుర్గ మాత్రం సొమ్ము కోసం ఈ దారి పట్టలేదు. ముఠాలను పెంచేది రాజకీయమేనన్నది చిత్రం వాదన. కోట శ్రీనివాసరావు పోషించిన రాజకీయ నాయకుడు గురునారాయణ పాత్రే అందుకు సాక్ష్యం. ‘గాయం’ హాలీవుడ్ చిత్రం ‘గాడ్‌ఫాదర్’ నీడేనన్న విమర్శలో కొంత నిజముంది: అన్న చావుతో తమ్ముడు పగ్గాలు పట్టడం అక్కడిదే. అయితే గీత రచయిత సిరివెన్నెల సీతారామశాస్త్రి స్వయంగా తెరపై కనిపించిన పాట, హింసకు బాధ్యతను చూస్తూ ఊరుకున్న సమాజం మీద కూడా మోపుతుంది; కుటుంబం చుట్టూ తిరిగే ‘గాడ్‌ఫాదర్’లో ఈ నిందకు చోటు తక్కువ. కొనసాగింపుగా ‘గాయం 2’ 2010లో వచ్చింది.