తీసుకెళ్లేటప్పుడు అన్ని ఆఫీసులూ ఒక్కటే: ఆస్ట్రేలియా ఆదివాసీ యువత మనసు చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. కొమురం భీం గురించి, జల్ జంగల్ జమీన్ గురించి మనం చాలా రాసుకున్నాం. ఈసారి సముద్రం అవతలి ఆదివాసులు. పోరాటమే, కానీ మనసు కోసం చేసిన పోరాటం.

మొదలుపెట్టాల్సింది ఆసుపత్రి దగ్గర కాదు, పోలీసుల దగ్గర. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1883లో ఆదివాసుల ‘రక్షణ’ బోర్డు పెట్టారు. 1909లో దానికి చట్టం వచ్చింది. 1915లో ఆ చట్టాన్ని మార్చి, కోర్టు గడప తొక్కకుండానే పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయే అధికారం ఇచ్చారు. మిగతా రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలే. 1910 నుంచి 1970 దాకా ప్రాంతాన్ని, కాలాన్ని బట్టి పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా ఆదివాసీ పిల్లల్ని ఇలా విడదీశారని 1997లో వచ్చిన ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ నివేదిక తేల్చింది. కెంప్సీ ఊరి దగ్గర కించెలా బాలుర గృహం 1924 నుంచి 1970 వరకు నడిచింది. అందులో పిల్లల్ని పేరుతో పిలిచేవాళ్లు కాదు, నంబరుతో పిలిచేవాళ్లు. సొంత భాష మాట్లాడితే దెబ్బలు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. పిల్లాడిని తీసుకుపోవడానికి పోలీసు, సంక్షేమ అధికారి, మిషన్ మేనేజరు అందరూ ఒక్క మాట మీద పనిచేశారు. కాగితం ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి ఆగకుండా నడిచింది. అదే పిల్లాడు పెద్దోడై, నిద్ర పట్టక, తాగుడుకి పడి, జైలుకి పోయొస్తుంటే మాత్రం ఎవరి దారి వాళ్లదే. తాగుడు ఒక శాఖ, జైలు ఒక శాఖ, మానసిక ఆసుపత్రి ఒక శాఖ, ఉండడానికి ఇల్లు ఇంకో శాఖ. ప్రతి చోటా తన కథ మొదట్నుంచి చెప్పుకోవాలి. రెండోసారికే నోరు మూతపడుతుంది ఎవరికైనా.

దాని ఫలితం లెక్కల్లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. పోలీసు కస్టడీలో, జైళ్లలో ఆదివాసులు చనిపోతున్నారని 1987లో రాయల్ కమిషన్ వేశారు. అది 99 మరణాల్ని ఒక్కొక్కటిగా విచారించి 1991లో నివేదిక ఇచ్చింది. ఆ 99 మందిలో 43 మంది చిన్నప్పుడే కుటుంబం నుంచి విడదీయబడ్డవాళ్లు. ఈ అంకె మా రూములో చదివినప్పుడు కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు.

కానీ మనోళ్లు (అవును, వాళ్లని కూడా మనోళ్లనే అంటాం) కమిషన్ కోసం ఎదురు చూస్తూ కూర్చోలేదు. ఇక్కడ షిర్లీ స్మిత్ గురించి చెప్పాలి. 1921లో కౌరా ఊరి దగ్గర మిషన్‌లో పుట్టింది. మూర్ఛ జబ్బు ఉండడం వల్ల బడి సరిగ్గా సాగలేదు, చదవడం రాయడం రాలేదు. తోడబుట్టినవాడు జైలుకి పోతే చూడ్డానికి వెళ్లేది. అతను విడుదలయ్యాక కూడా ఆపలేదు, ఎవరూ రాని ఖైదీల దగ్గరికి పోయేది. మీరెవరని జైలోళ్లు అడిగితే వాళ్లమ్మని అని చెప్పేదట. అట్లా ‘మమ్ షర్ల్’ అనే పేరు నిలిచిపోయింది. కోర్టులో పిల్లాడి పక్కన ఆమే, ఆసుపత్రిలో ఆమే, విడుదలయ్యాక ఇల్లు వెతికిపెట్టేదీ ఆమే. అరవై మందికి పైగా పిల్లల్ని సొంత ఇంట్లో పెంచింది. ఇప్పుడు పెద్ద పెద్ద పత్రాల్లో ‘సమన్వయం’ అని రాస్తున్నారే, ఆ పని చదవడం రాయడం రాని ఒక తల్లి కాళ్లు అరిగేలా తిరిగి చేసింది.

1970లో సిడ్నీలోని రెడ్‌ఫెర్న్ పేటలో ఆదివాసీ న్యాయ సేవా కేంద్రం, 1971లో ఆదివాసీ వైద్య కేంద్రం పెట్టినవాళ్లలో ఆమె కూడా ఉంది. వైద్య కేంద్రం ఒక చిన్న షాపు గదిలో మొదలైంది. ఫ్రెడ్ హాలోస్ అనే కళ్ల డాక్టరు లాంటివాళ్లు జీతం లేకుండా వచ్చి పనిచేశారు. గొప్పతనం డాక్టర్లు రావడంలో లేదు. ఆ కేంద్రాన్ని నడిపేది ఆదివాసులే. నిర్ణయం వాళ్లదే, డాక్టరు వాళ్ల దగ్గర పనిచేసే మనిషి. 1973లో మెల్‌బోర్న్ ఫిట్జ్‌రాయ్‌లోనూ ఇలాంటిదే పెట్టుకున్నారు, తర్వాత దేశమంతా వచ్చాయి.

ప్రభుత్వానికి మనసు సంగతి గట్టిగా చెప్పింది 1995 నాటి ‘వేస్ ఫార్వర్డ్’ నివేదిక. ప్యాట్ స్వాన్, సైకియాట్రిస్టు బెవర్లీ రాఫెల్ కలిసి రాశారు. మనిషి మనసుని అతని భూమి నుంచి, చుట్టాల నుంచి, జరిగిన అన్యాయం నుంచి వేరు చేసి వైద్యం చేయలేరన్నది దాని సారం.

పరీక్షల్లోనే తప్పుందని చూపించింది ట్రేసీ వెస్టర్‌మన్. పిల్‌బరా ప్రాంతపు న్జమల్ ఆదివాసీ మహిళ, క్లినికల్ సైకాలజిస్టు. చనిపోయిన తాత కనిపించాడని ఒక పిల్ల చెబితే తెల్ల డాక్టరు దాన్ని పిచ్చి అని రాసుకోవచ్చు. ఆ పిల్ల ఇంట్లో అది దుఃఖంలో మామూలుగా జరిగేదే. సొంత నేల కోసం తపించి జబ్బు పడడం అనేది కూడా ఉందని ఆమె రాసింది, దాన్ని మామూలు డిప్రెషన్ అనుకుని మందులిచ్చేస్తారని. మన తెలుగులో దానికి చక్కటి మాట ఉంది కదా, బెంగ. అందుకే 13 నుంచి 17 ఏళ్ల ఆదివాసీ పిల్లల కోసం ఆమె వేరే ప్రశ్నావళి తయారుచేసింది.

2006లో 12 నుంచి 25 ఏళ్ల వాళ్ల కోసం ‘హెడ్‌స్పేస్’ కేంద్రాలు మొదలయ్యాయి. మనసు, ఒళ్లు, మద్యం-డ్రగ్స్, చదువు-ఉద్యోగం అన్నీ ఒకే చోట. ఆలోచన మంచిదే. కానీ ఫైలు పట్టుకుని వచ్చినోడే మనవడిని ఎత్తుకుపోయిన చోట, ఫైలు ఉన్న ఆఫీసుకి అవ్వ తన మనవరాలిని ఎట్లా పంపుతుంది? 2015 నాటి గయా ధువీ ప్రకటన అందుకే రెండు అడిగింది: పెద్దల వైద్యం, డాక్టర్ల వైద్యం రెండూ కలవాలి, ఈ రంగంలో పై నుంచి కింద దాకా ఆదివాసులు నాయకత్వంలో ఉండాలి. 2022లో 13యార్న్ అనే ఫోన్ లైన్ వచ్చింది. అవతల ఫోన్ ఎత్తేది ఆదివాసీ మనిషే. యార్న్ అంటే అక్కడ ముచ్చట పెట్టుకోవడం.

మన హాస్టళ్లని కించెలాతో సమానం చెయ్యం, అది అబద్ధమవుతుంది. మనల్ని ఎవరూ ఎత్తుకురాలేదు, చదువుకోమని అమ్మానాన్నలే చేర్పించారు. అయినా ఒక పోలిక కనిపిస్తుంది. మాతో ఉన్న ఒక తమ్ముడు మూడు వారాలు సరిగ్గా అన్నం తినలేదు. వార్డెన్ సార్‌కి క్లాసు ఎగ్గొట్టడం తెలుసు, ఏఎన్ఎం అక్కకి కడుపునొప్పి తెలుసు, ఇంట్లోవాళ్లకి ఏదీ తెలీదు. ముగ్గురూ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. అతని బెంగ అతని భాషలో ఉంది, అడిగినవాళ్లు తెలుగులో అడిగారు. మనకి కూడా 2022 అక్టోబరులో టెలీ మానస్ వచ్చింది, నంబరు 14416, ఉచితం, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. సేవ్ చేసి పెట్టుకోండి, పక్క రూమోళ్లకి కూడా ఇవ్వండి. గోండీలో, కోయలో మాట్లాడే మనిషి ఫోన్ ఎత్తే రోజు కోసం అడగాల్సింది మనమే.

ఆస్ట్రేలియా మధ్య ఎడారిలో ఎన్‌పీవై మహిళా మండలి 2012 నుంచి ‘ఉటి కులింట్జకు’ అనే పని చేస్తోంది. అంటే తేటగా ఆలోచించి అర్థం చేసుకోవడం. సంప్రదాయ వైద్యులు, అవ్వలు, డాక్టర్లు కూర్చుని దిగులు, భయం, సిగ్గు, కోపం లాంటి వాటికి తమ భాషల్లో ఉన్న మాటలన్నీ పోగుచేసి బొమ్మలతో పటంగా వేశారు, పిల్లలు వేలు పెట్టి చూపించి చెప్పుకునేలా.

మనం కూడా మొదలుపెడదామని మా ఆలోచన. మనసు బాగోలేదు అనడానికి గోండీలో, కోయలో, కొలామీలో, సవరలో, లంబాడీలో మీ ఇంట్లో అవ్వ ఏమంటుందో అడిగి, తెలుగు లిపిలో ఇక్కడ రాయండి. ఏ ఊళ్లో అలా అంటారో కూడా రాయండి.