మడత కెమెరా పుట్టుపూర్వోత్తరములు

తొలినాటి ఛాయాగ్రాహకునికి పెద్ద చిత్రము కావలసినచో పెద్ద నెగటివు తప్ప గత్యంతరము లేకుండెను. నెగటివును ముద్రణకాగితముపై అదిమిపెట్టి, దానిపై వెలుతురు ప్రసరింపజేసి, అదే కొలతకు ప్రతిని తీయుటయే ఆనాటి సామాన్యపద్ధతి యగుటచే, అరచేయంత బొమ్మను కోరువాడు అరచేయంత నెగటివునే సంపాదించుకొనవలసి యుండెను. నెగటివు విస్తీర్ణము పెరిగినకొలదిని కటకము దానికి దూరముగా జరుగవలెను. ఆరు సెంటీమీటర్ల వెడల్పును, తొమ్మిది సెంటీమీటర్ల పొడవును గల నెగటివునకు సుమారు 105 మిల్లీమీటర్ల నాభ్యంతరముగల కటకమును వాడుట పరిపాటి. అనగా కటకమునకును ఫిలిమునకును నడుమ నాలుగంగుళములకు మించిన చీకటి ఉండి తీరవలెను. ఆ చీకటిని చెక్కపెట్టెలో బంధించినచో పెట్టె పెద్దదగును. ముడుతలు దీర్చిన తోలుతిత్తిలో బంధించినచో, పని తీరిన పిమ్మట తిత్తిని అణచి, కోటు జేబులో వేసికొని పోవచ్చును. మడత కెమెరా చరిత్రకంతకును ఈ చిన్న ఉపాయమే మూలము.

తిత్తి మాత్రము ఫిలిముకంటె పాతది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను ఆంగ్లేయుడు కలోడియను పద్ధతిని ప్రకటించిన పిమ్మట, గాజుపలకపై మందు పూసి, తడి యారకముందే చిత్రము తీసి, అక్కడికక్కడే చీకటి గుడారములో కడుగవలసివచ్చిన దినములలో సైతము, మూడుకాళ్ల స్టాండుపై నిలిపిన చెక్క కెమెరాలకు ముడుతల తిత్తి యుండెడిది. 1871లో రిచర్డ్ మాడాక్స్ జెలటినుతో పొడిపలకకు దారి చూపిన తరువాత గుడారపు బరువు తప్పినది కాని గాజు బరువు తప్పలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికిందరాబాదున స్టూడియో నెలకొల్పిన రాజా దీనదయాళు తీసిన సౌధములును, వేటలును, దర్బారులును గాజుపలకలమీదనే నిలిచినవి. ఆ నెగటివుల స్ఫుటత్వమును చూచి నేడు మనము ఆశ్చర్యపడునపుడు, ఆ పలకల పెట్టెలను మోసిన వారి భుజములను గూడ తలచుకొనుట న్యాయము.

గాజును తొలగించిన ఖ్యాతి లోకములో అమెరికా దేశపు రాచెస్టరు నగరవాసి జార్జ్ ఈస్ట్‌మనుకు దక్కినది. నూరు చిత్రములకు సరిపడు చుట్టతో ఆయన 1888లో వెలువరించిన కోడక్ కెమెరాను, చుట్ట ముగిసిన వెంటనే కెమెరాతో సహా కార్ఖానాకు పంపినచో, అక్కడివారే కడిగి, అచ్చులు తీసి, క్రొత్త చుట్ట నింపి తిరిగి పంపెడివారు. పారదర్శకమైన సెల్యులాయిడు ఫిలిము మరుసటి సంవత్సరమే అమ్మకమునకు వచ్చెను. కాని సెల్యులాయిడును ఛాయాగ్రహణమునకు వినియోగించు పద్ధతికై హానిబల్ గుడ్విన్ అను మతాచార్యుడు 1887లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టియుండెను. పదునొకండేండ్లు నిరీక్షించి పేటెంటు పొందిన ఆ వృద్ధుడు 1900లో గతించెను. ఆయన హక్కులను కొన్నవారు వ్యాజ్యము గెలిచి, 1914లో ఈస్ట్‌మను సంస్థనుండి ఏబది లక్షల డాలర్లు రాబట్టిరి. చరిత్ర వ్రాయువారు గుడ్విను పేరును ఒక పాదసూచికలో ముగించుట నాకు సమ్మతము కాదు.

ఫిలిము చుట్టకు వెనుక నల్లకాగితము చేర్చి, పగటివెలుతురులోనే కెమెరాలో నింపుకొనగల ఏర్పాటు వచ్చిన పిమ్మట, మడత కెమెరాకు కావలసిన సామగ్రి యంతయు సమకూడినట్లాయెను. 19వ శతాబ్ది ముగియకముందే ఈస్ట్‌మను సంస్థ మడత జేబు కోడక్కులను విక్రయింప నారంభించెను. నేటికిని దొరకుచున్న 120 రకపు ఫిలిము 1901లో ఒక బ్రౌనీ పెట్టె కెమెరాకై పుట్టినది. దానిపై కెమెరా నిర్మాణమును బట్టి ఎనిమిది గాని, పండ్రెండు గాని, పదునారు గాని బొమ్మలు తీయవచ్చును.

1912లో వచ్చిన వెస్ట్ పాకెట్ కోడక్ ఈ వంశమునందెల్ల ప్రసిద్ధికెక్కినది. చొక్కాపై తొడుగు వెయిస్టుకోటు జేబులో ఇముడునట్టి ఈ లోహపు కెమెరా, రెండేండ్లకే మహాయుద్ధము సంభవించుటచే, సైనికుల వెంట కందకములకు చేరెను. 1914 క్రిస్మసునాడు బ్రిటిషు సైనికులును జర్మను సైనికులును తుపాకులు విడిచి, రెండు కందకముల నడుమనున్న బయలులో కలిసికొని చేతులు కలిపిన అపూర్వసంఘటనను మనకు కన్నులకు కట్టించునవి సైనికులు జేబు కెమెరాలతో తీసిన చిత్రములే. 1915 జనవరిలో అవి లండను పత్రికలలో అచ్చైనవి. శత్రువు సైతము తనవంటి మనుష్యుడే యని చూపు చిత్రములు యుద్ధము నడుపువారికి రుచింపవు. రణరంగమున కెమెరా కలిగియుండుటను బ్రిటిషు సేనాధిపతులు నిషేధించిరి. అయినను కెమెరాలు జేబులలో దాగియే యుండెను. హెన్రీ గైస్‌మన్ అను నాతడు కనిపెట్టిన ఏర్పాటుచే, కెమెరా వెనుకనున్న చిన్న తలుపు తెరచి, లోహపు కంటముతో బొమ్మ ప్రక్కనే తేదీని, స్థలమును ఫిలిముమీద వ్రాసికొనుటయు ఆ కాలముననే సాధ్యమయ్యెను. ఆ హక్కునకు ఈస్ట్‌మను మూడు లక్షల డాలర్లు చెల్లించెను.

1924 జూను 8వ తేదీన ఎవరెస్టు శిఖరపు చేరువలో కడపటిసారి కనబడిన జార్జ్ మాలొరీ, ఆండ్రూ ఇర్విన్ అనువారలవద్ద నుండెనని చెప్పబడుచున్నదియు ఒక వెస్ట్ పాకెట్ కోడక్కే. మాలొరీ దేహము 1999లో కనబడినది. ఇర్విను పాదమును, బూటును 2024లో బయల్పడినవి. కెమెరా మాత్రము దొరకలేదు. హిమములో పడియున్న ఆ ఫిలిమును ఇప్పటికిని జాగ్రత్తగా కడిగినచో బొమ్మ తేలవచ్చునని తజ్ఞుల ఆశ. హిల్లరీ, టెన్సింగులకంటె 29 ఏండ్ల ముందే మానవుడు శిఖరము నెక్కెనా యన్న ప్రశ్నకు సమాధానము, ఉన్నచో, ఆ మడత కెమెరాలోనే యున్నది.

అమెరికా ఈ యంత్రమును సర్వజనులకు సులభము చేయగా, సూక్ష్మమైన పనితనముతో దానిని పరిపూర్ణము చేసినవారు జర్మనులు. జైస్ సంస్థలో పౌల్ రుడాల్ఫ్ 1902లో రూపొందించిన నాలుగు గాజుల టెస్సార్ కటకమును, మ్యూనిచ్‌నందు డెకెల్ కార్ఖానా 1912 నుండి చేసిన కంపూర్ షట్టరును ఒకచోట చేరినపుడు, చిన్న పెట్టెకు పెద్ద యంత్రముల శక్తి యబ్బెను. 1926లో నాలుగు సంస్థల కలయికతో డ్రెస్డెనులో ఏర్పడిన జైస్ ఐకాన్, 1929లో ఇకోంటాను, 1934లో దూరమాపకము జోడించిన సూపర్ ఇకోంటాను వెలువరించెను. మీట నొక్కినంతనే ముందు తలుపు వాలి, ఉక్కు బద్దలు తమంతట తాము సాగి, కటకము ముందునకు వచ్చి, ఫిలిమునకు ఎదురుగా ఏమాత్రము వంకర లేక నిలిచి బిగియును. ఆ బద్దలలో ఒకటి ఇసుమంత వంగినను బొమ్మలో ఒక ప్రక్క తేట, మఱియొక ప్రక్క మసక యగును. వేలకొలది సారులు తెరచి మూయబడియు గీటు తప్పని ఆ నిర్మాణమును చేసిన పనివారి పేర్లు ఎక్కడను వ్రాయబడలేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరమున రష్యనులు ఇకోంటాలను అనుసరించి మాస్క్వా యను పేర తమ కెమెరాను చేసికొనిరి.

ఈ వైభవమునకు విఘాతము కలిగించినది మఱియొక జర్మను కెమెరాయే. ఆస్కార్ బార్నాక్ రూపొందించగా 1925లో లైట్జ్ సంస్థ వెలువరించిన లైకా, సినిమా ఫిలిముపై చిన్న నెగటివును తీసి, పెద్దదిగా చేసి అచ్చు వేయు మార్గమును స్థిరపరచెను. నెగటివు కొలతకే బొమ్మ యుండవలె నను నియమము తొలగినతోడనే, పెద్ద నెగటివు కొఱకు పుట్టిన తిత్తికి ప్రయోజనము క్షీణించెను. 1960 తరువాత మడత కెమెరా అంగళ్లనుండి క్రమముగా అదృశ్యమైనది. మన దేశములో 120 ఫిలిము మాత్రము అంత త్వరగా పోలేదు. మడత లేని పెట్టె కెమెరా అగ్ఫా క్లిక్ త్రీ అనేక గృహములలో పెండ్లి చిత్రములు తీసెను; ఉదకమండలమున హిందూస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారు ఇందు అను పేర నలుపు తెలుపు ఫిలిమును చేసిరి.

పాత మడత కెమెరాను మరల పనికి తెచ్చుట అసాధ్యము కాదని స్వానుభవమున చెప్పగలను. చీకటిగదిలో తిత్తి లోపల దీపముంచి చూచినచో, మడత మూలలందు సూదిమొన వంటి వెలుగుచుక్కలు కనబడును. అవి కొన్నియే యైనచో నల్లగుడ్డ అతికించి పూడ్చవచ్చును, అనేకమైనచో క్రొత్త తిత్తి కుట్టించుటయే మేలు. గట్టిపడిన గ్రీజుచే కదలని కటకపు వలయమును, జిడ్డుచే మందగించిన షట్టరును గడియారము బాగుచేయు నేర్పరి చేతికి అప్పగింపవచ్చును. తెరచునపుడు మెల్లగా తెరువవలెను. వేగముగా లాగినచో తిత్తిలోనికి గాలి పీల్చబడి ఫిలిము ఉబ్బును. నల్లకాగితముపైనున్న బొమ్మల అంకెలను చూచుటకై కెమెరా వెనుకనున్న ఎర్రకిటికీ, ఎరుపురంగు సోకని పూర్వపు ఫిలిముల కాలమున అమర్చబడినది. నేటి పాంక్రొమాటిక్ ఫిలిములు ఎరుపునుగూడ గ్రహించును గనుక, అంకె చూచినవెంటనే దానిని మూసివేయవలెను. పిమ్మట మెటాల్, హైడ్రోక్వినోనులు కలిపిన డెవలపరులో బొమ్మ తేల్చి, హైపోలో స్థిరపరచి, పారు నీటిలో కడిగి ఆరవేసిన నెగటివును వెలుతురునకు ఎత్తి చూచినపుడు, మబ్బు అంచునందలి నీడలును, మఱ్ఱియూడల గరుకుదనమును ఎంత సూక్ష్మముగా నిలిచినవో ఎవరికైనను తెలియును. ఆరు తొమ్మిది సెంటీమీటర్ల నెగటివు విస్తీర్ణము లైకా నెగటివు విస్తీర్ణమునకు ఆరింతలకు పైబడినదని తలచిన, అందు ఆశ్చర్యము లేదు.

కావున తాతలనాటి మడత కెమెరా యింట నున్నవారు దానిని పాతసామానుల వానికి తూచి యీయవలదు, అద్దాల బీరువాలో అలంకారముగా నుంచవలదు. బాగుచేయించి, ఒక 120 రీలు నింపి వాడుడు. అంతకుముందు ఒక్క జాగ్రత్త వహింపుడు. లోపల ఎవరో తీసి మరచిన రీలు ఉండవచ్చును గనుక, ఎర్రకిటికీలో అంకె కనబడుచున్నదేమో మొదట పరికింపుడు. కనబడినచో వెనుక తలుపును వెలుతురులో తెరవక, ఫిలిము కడుగుట ఎరిగినవారియొద్దకు దానిని ఉన్నదున్నట్లు తీసికొనిపొండు.