కంప్యూటర్లో షేర్లు, ట్రంకుపెట్టెలో షేర్లు

ఈసారి రాత కొంచెం పొడుగైంది. అంగడి కట్టేశాక తీరిగ్గా చదువుకోండి.

పోయిన ఆదివారం మా అన్న కొడుకు కాగితాలు పట్టుకొని ఇంటికొచ్చాడు. నగర్తపేటలో మా తాత పెట్టిన అంగడిని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేస్తాడట. బయటివాళ్ళు డబ్బు పెడతారట. నేనూ ఒక భాగస్తుణ్ణి కాబట్టి నా సంతకం కావాలి.

"ఎంత శాతం ఇస్తున్నావురా?" అన్నాను.

"ఇప్పటికి ముప్పై ఐదు, చిన్నాయనా. రెండేళ్ళకి ఇంకో రౌండు ఉంటుంది."

వారం టైము అడిగాను. వాడు వెళ్ళాక నాకు ముందు గుర్తొచ్చింది అంగడి కాదు, వాడు చిన్నప్పుడు ఆడిన కంప్యూటర్ గేమ్.

వాడు హైస్కూల్లో ఉండగా ఎస్.పి. రోడ్డులో ఒక సీడీ కొనిచ్చాను. మన పేట నుంచి నాలుగడుగులేగా. అసలుదా, నకలుదా అని మాత్రం అడక్కండి. ఆట పేరు 'క్యాపిటలిజం 2'. హాంగ్‌కాంగ్‌కి చెందిన ట్రెవర్ చాన్ అనే ఆయన తన ఎన్‌లైట్ కంపెనీ తరఫున 1995లో మొదటి 'క్యాపిటలిజం' చేశాడు. ఈ రెండోది 2001లో వచ్చింది. తుపాకులు లేవు, కార్ల పందేలు లేవు. నువ్వొక కార్పొరేషన్‌కి అధిపతివి, ఊళ్ళో అంగళ్ళు పెట్టాలి, ఫ్యాక్టరీలు కట్టాలి, సరుకు తెప్పించి అమ్మాలి. అంతే ఆట. ప్రతి అంగడీ లోపల తొమ్మిది గళ్ళు. ఒక గడిలో కొనుగోలు, ఒక గడిలో అమ్మకం, ఇంకో గడిలో ప్రకటనలు, వాటి మధ్య గీతలు కలపాలి. ధర, నాణ్యత, బ్రాండు పేరు, ఈ మూడింటిని బట్టి గిరాకీ వస్తుంది. మొదటిసారి చూసి, పేటలో మనం నోటిలెక్కన చేసేదంతా ఎవడో గళ్ళలో పెట్టేశాడే అని నవ్వుకున్నాను.

నవ్వు ఆగింది షేర్ల పేజీ దగ్గర. డబ్బు చాలకపోతే ఒక్క నొక్కుతో కొత్త షేర్లు జారీ చేయొచ్చు. ఖజానా నిండుతుంది, కానీ పక్కనున్న అంకె, అంటే కంపెనీలో మన వాటా, తగ్గుతుంది. ఎదుటి కంపెనీ షేర్లను కొద్దికొద్దిగా కొంటూ పోయి, చివరికి దాన్ని మనలో కలిపేసుకోవచ్చు కూడా. కలిపేసుకున్నాక దాని పేరు తెరమీద ఉండదు. మావాడికి ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

వాడు ఆ ఆటలో మునిగి ఉన్న రోజుల్లోనే, 2002 అక్టోబర్ 7న, వైశ్యా బ్యాంకు యాజమాన్యాన్ని నెదర్లాండ్స్‌కు చెందిన ఐఎన్‌జీ తీసుకుంది. ఇంట్లో ట్రంకుపెట్టెలో మా తాత కొన్న ఆ బ్యాంకు షేర్ సర్టిఫికెట్లున్నాయి. రెండింటికీ ముడి ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

కుర్రవాళ్ళకి తెలియదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. 1537లో కెంపేగౌడ కట్టిన పేటలో వ్యాపారానికో వీధి. అరళెపేటలో దూది, అక్కిపేటలో బియ్యం, బళెపేటలో గాజులు. మన వీధికి పేరు నగర్త వర్తకుల వల్ల వచ్చింది. తెలుగు వైశ్యులం వాళ్ళ పక్కనే అంగళ్ళు పెట్టుకున్నాం. అప్పు పుట్టాలంటే కాగితం కాదు, ఇంటిపేరు చూసేవారు. ఫలానావాళ్ళ మనవడు అంటే సరుకు దిగేది. ఆటలో ఈ గడి లేదు. అక్కడ బ్యాంకు నీ లెక్కలు చూసి అప్పిస్తుంది, మీ తాత ఎవరని అడగదు.

ఆ ఇంటిపేరు పరపతినే బెంగళూరు ఆర్యవైశ్య వ్యాపారులు 1930లో ఒక కంపెనీగా మార్చారు. అదే వైశ్యా బ్యాంకు. డిపాజిట్ వేసినవాడు, అప్పు తీసుకున్నవాడు, షేరు కొన్నవాడు ముగ్గురూ పెళ్ళి భోజనంలో ఒకే బంతిలో కూర్చునేవాళ్ళు. రిజర్వ్ బ్యాంకు కూడా ఇంకా పుట్టని కాలం. అది వచ్చింది 1935లో. 1938లో ట్రావన్కోర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూలి దక్షిణాదిలో డిపాజిటర్లు గడగడలాడారు. మనది నిలబడింది. 1948లో షెడ్యూల్డ్ బ్యాంకు అయింది. 1969లో 50 కోట్లు దాటిన డిపాజిట్లున్న 14 బ్యాంకుల్ని ప్రభుత్వం తీసుకుంది. 1980లో 200 కోట్ల గీత గీసి ఇంకో ఆరింటిని తీసుకుంది. మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్యగారు 1923లో పెట్టిన ఆంధ్రా బ్యాంకు ఆ ఆరింటిలో పోయింది. మనది చిన్నది కాబట్టి రెండుసార్లూ తప్పించుకుంది. చిన్నగా ఉండటం కూడా ఒక్కోసారి అదృష్టమే.

తర్వాత అది చిన్నగా ఉండలేదు. 1985కల్లా ప్రైవేటు బ్యాంకుల్లో తనదే పెద్దదని చెప్పుకునే స్థాయికి వచ్చింది. రమేశ్ గెల్లిగారు ఛైర్మన్‌గా ఉన్న కాలం అది. 1993లో శాఖలు 300 దాటాయి. ఆయన బయటికెళ్ళి సికింద్రాబాద్‌లో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు పెట్టారు. 1994లో మొదలైన ఆ బ్యాంకు 2004లో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయింది. ఆ కథ వేరే రోజు రాస్తాను.

అసలు మలుపు 1992లో ఉంది. రిస్కు లెక్కగట్టిన ప్రతి వంద రూపాయల ఆస్తికీ ఎనిమిది రూపాయల సొంత మూలధనం చూపించాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. బ్యాంకు పెరిగేకొద్దీ కొత్త మూలధనం కావాలి. కొత్త మూలధనం అంటే కొత్త షేర్లు. పేటలో ఇంటికి వంద, రెండొందలు షేర్లున్న కుటుంబాలు ప్రతిసారీ అంతే నిష్పత్తిలో డబ్బు పెట్టగలవా? కూతురి పెళ్ళి, అంగడి సరుకు, ఇంటి మేడ, వీటిని దాటి ఎవరి దగ్గర మిగిలింది? 1996లో బెల్జియంకు చెందిన బ్యాంక్ బ్రస్సెల్స్ లాంబర్ట్‌తో పొత్తు కుదిరింది. మన దేశం నుంచి పెద్ద వాటా గ్రంధి మల్లికార్జునరావుగారి జి.ఎం.ఆర్. వాళ్ళ చేతిలో ఉండేది. 1998లో ఆ బెల్జియం బ్యాంకును ఐఎన్‌జీ కొనేసింది. అంటే మన పొత్తుదారుణ్ణి మనం మార్చలేదు, మనల్ని అడగకుండానే మారిపోయాడు. 2002లో జి.ఎం.ఆర్. తన వాటా ఐఎన్‌జీకి అమ్మింది. ఐఎన్‌జీ వాటా దాదాపు 44 శాతమైంది. ఎన్ని షేర్లున్నా ఓటు 10 శాతానికి మించకూడదని అప్పటి చట్టం. అయినా మిగతా షేర్లు వేల ఇళ్ళలో చెల్లాచెదురుగా ఉంటే ఆ గీత ఎవరిని ఆపుతుంది? ఆ డిసెంబర్లోనే ఐఎన్‌జీ వైశ్యా అనే కొత్త పేరుకి అనుమతి వచ్చింది.

పేరులో రెండో సగం ఇంకో పన్నెండేళ్ళు నిలిచింది. 2014 నవంబర్లో కోటక్ మహీంద్రాతో విలీనం ప్రకటించారు, 2015 ఏప్రిల్ 1న జరిగిపోయింది. వెయ్యి ఐఎన్‌జీ వైశ్యా షేర్లకు 725 కోటక్ షేర్లు. కొత్త బ్యాంకులో ఐఎన్‌జీకి మిగిలింది ఆరున్నర శాతమే. మింగినవాణ్ణి ఇంకొకడు మింగాడు. ఏప్రిల్ 1 బ్యాంకులకి ఏం ముహూర్తమో గానీ, మన మైసూర్ బ్యాంకు 2017లో స్టేట్ బ్యాంకులో కలిసిందీ, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిందీ ఆ తేదీనే.

'మనవాళ్ళు అమ్ముకున్నారు' అని మన మీటింగుల్లో చాలాసార్లు విన్నాను. నేను ఒప్పుకోను. అమ్మినవాళ్ళు ఉన్నారు, నిజమే. కానీ చాలా ఇళ్ళలో ఎవరూ ఏమీ అమ్మలేదు. షేర్లు పెట్టెలోనే ఉన్నాయి, శాతం మాత్రం కరిగింది. అలాగని పెరిగిన ప్రతి బ్యాంకూ కరిగిపోవాల్సిందే అని కూడా అనలేం. 1916లో పుట్టిన కరూర్ వైశ్యా బ్యాంకు ఇవాళ్టికీ అదే పేరుతో, అదే ఊళ్ళో ఉంది. డబ్బు పరంగా చూస్తే మా తాత షేర్లకు నష్టం రాలేదు, కోటక్ షేరు బాగానే పెరిగింది. పోయిందల్లా కౌంటర్ దగ్గర 'ఫలానావాళ్ళ మనవడివి కదా' అనే మాట. దానికి రేటు కట్టడం నాకు చేతకాదు.

నిన్న మా అన్న కొడుకుకి ఫోన్ చేశాను. సంతకం పెడతానని గానీ, పెట్టనని గానీ అనలేదు. రెండో రౌండు తర్వాత మన శాతం ఎంతో, మూడో రౌండు తర్వాత ఎంతో, మన అనుమతి లేకుండా వాళ్ళ వాటా ఇంకొకరికి అమ్మొచ్చో లేదో కాగితం మీద రాసి తెమ్మన్నాను. "ఆ గేమ్‌లో షేర్ల పేజీ గుర్తుందా?" అన్నాను. కొంచెం సేపు మాట్లాడలేదు. "ఉంది చిన్నాయనా, శనివారం వస్తాను" అన్నాడు.

ఇంకో పని మాట. మీ ఇళ్ళల్లోనూ వైశ్యా బ్యాంకు పాత కాగితం సర్టిఫికెట్లుంటే చిత్తుకాగితాలని పారేయకండి. వరుసగా ఏడేళ్ళు డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు ఐ.ఇ.పి.ఎఫ్. అనే కేంద్ర ప్రభుత్వ నిధికి వెళ్తాయి. అలా వెళ్ళినా వారసులు దరఖాస్తు పెట్టి తిరిగి తెచ్చుకోవచ్చు. దారి తెలియనివాళ్ళు ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకి రండి. నేను పది గంటలనుంచి అక్కడే ఉంటాను. సర్టిఫికెట్‌తో పాటు ఎవరి పేరున ఉందో వారి మరణ ధృవపత్రం, మీ ఆధార్, పాన్ తెచ్చుకోండి.